లినక్స్‌లో డయలప్ మొరాయిస్తే గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి

ఇది డయలప్ రోజుల నాటి సంగతి, నంబర్లు, పద్ధతులు అన్నీ అప్పటివే. మా షాపు తిరుపతిలో, కొర్లగుంటలో. డీటీపీ పని. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. రెండు కంప్యూటర్లు, రెండింట్లోనూ 2005లో వచ్చిన ఫెడోరా కోర్ 4 అనే లినక్స్. అప్పటికి మా వీధికి బ్రాడ్‌బ్యాండ్ ఇంకా రాలేదు కాబట్టి ప్రూఫులు, ఫైళ్లు అన్నీ డయలప్ మీదే, అంటే మోడెం అనే పరికరం ఫోను తీగ మీద నంబరు డయల్ చేసి కలిపే నెట్ మీదే పోయేవి. ప్రింటింగు చిత్తూరులో చేయిస్తాం. ఫైలు మెయిల్లో పోతే అరగంట పని. పోకపోతే సీడీ చేతపట్టుకుని డెబ్బై కిలోమీటర్లు బస్సులో పోవాలి.

పోయిన కార్తీకంలో అదే జరిగింది. ముహూర్తాల రోజులు, బయట మూడు రోజులుగా ముసురు. సాయంత్రం ఆరింటికి డయల్ చేస్తే 'నో క్యారియర్' అని వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. కాన్ఫిగరేషన్ ఫైలు తిరగరాశాను. రాత్రి పదకొండుకి లినక్స్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. తెల్లవారుజామున కూడా అదే మాట. పొద్దున మొదటి బస్సుకి సీడీ పంపాం.

ఆ ఆదివారం మా చిన్నాయన వచ్చాడు. ఆయన చిత్తూరులో ముప్పై ఏళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నేను చెప్పిందంతా విని, "కంప్యూటర్ కట్టెయ్‌రా. ఫోను తే. ముందు తీగ ఏం చెప్తా ఉందో విందాం, ఆమైన నీ లినక్స్ సంగతి" అన్నాడు. ఫోను చెవిన పెట్టుకుని ఒక అంకె నొక్కాడు. పది సెకన్లు విన్నాడు. నిచ్చెన వేసుకుని సన్‌షేడ్ మీదికెక్కి, స్తంభం నుంచి వచ్చే తీగ గోడ దగ్గర వంపు తిరిగే చోట చుట్టి ఉన్న నల్ల టేపు విప్పాడు. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. నాలుగంగుళాలు కోసేసి, కొత్తగా అతికి, గ్రీజు నిండిన చిన్న కనెక్టరు నొక్కాడు. మొదటి డయలుకే నెట్ కలిసింది.

డయలప్‌లో ఒక కాల్ ఏడెనిమిది మెట్లు ఎక్కితే గాని పేజీ తెరుచుకోదు. కంప్యూటర్‌కి మోడెం కనబడాలి, మోడెంకి డయల్ టోన్ వినబడాలి, అవతల ఎవరో ఎత్తాలి, రెండు మోడెంలు ఒక వేగానికి ఒప్పుకోవాలి, పాస్‌వర్డు చెల్లాలి, మనకి ఒక ఐపీ అడ్రసు రావాలి, దారి ఏర్పడాలి, చివరికి సైటు పేరు అంకెలుగా మారాలి. ఏ మెట్టు మీద ఆగితే దానికి తగ్గ మాట తెర మీద వస్తుంది. ఆ మాట ఏ మెట్టుదో తెలిస్తే మిగతా ఏడు మెట్ల జోలికి పోనక్కర్లేదు. నేను ఆ రాత్రి చేసిన పనంతా నాలుగో మెట్టు మీద ఆగిన దానికి ఐదో మెట్టు దగ్గర వెతకడమే.

ఒక మాట ముందే చెప్తాను. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. పెద్దక్షరం కావలసిన చోట విడిగా చెప్తాను. లినక్స్‌కి ఆ తేడా ముఖ్యం.

ముందు తీగ

మోడెం నుంచి తీగ పీకేసి, గోడ మీదున్న రోజెట్ బాక్సుకి మామూలు ఫోను నేరుగా తగిలించండి. ఇంట్లో పారలల్ ఫోన్లు, కాలర్ ఐడీ డబ్బా, ఫ్యాక్స్ మెషీను ఏవి ఉన్నా అన్నీ తీసేయండి. రిసీవరు ఎత్తి డయల్ టోన్ వినండి. టోన్ మోగుతున్నంత సేపూ దాని వెనక ఉన్న చెడు శబ్దం తెలీదు. అందుకని ఏదో ఒక అంకె ఒక్కసారి నొక్కండి. టోన్ ఆగిపోయి కొన్ని సెకన్లు నిశ్శబ్దం వస్తుంది. వినాల్సింది ఆ నిశ్శబ్దాన్ని.

అది శుభ్రంగా ఉంటే తీగ మంచిదే. చిటపటమని వేరుశెనగ కాయలు వేయించినట్టు వినిపిస్తే ఎక్కడో అతుకు చిలుము పట్టింది, లేదా నీళ్లు దిగాయి. ఒకే స్థాయిలో గుయ్యిమని మోగుతుంటే అది కరెంటు హమ్. టెలిఫోన్ జతలో రెండు తీగలూ సరిసమానంగా ఉన్నంత వరకు పక్కన పోయే కరెంటు తీగ ప్రభావం రెండింటి మీదా ఒకేలా పడి కొట్టుకుపోతుందని చిన్నాయన చెప్పాడు. ఒక తీగ తడిగోడకో, ఇనుప కడ్డీకో తగిలి భూమికి అందుకుంటే ఆ సమానం చెడిపోయి హమ్ లోపలికొస్తుంది. మనుషుల మాటలకి ఇది పెద్ద అడ్డు కాదు. చెవి సర్దుకుంటుంది. మోడెం సర్దుకోలేదు. "ఫోను బాగానే మాట్లాడుతోంది, లైను బాగున్నట్టే కదా" అనుకుని మోసపోయేది ఇక్కడే.

మల్టీమీటరు ఉంటే ఫోను పెట్టేసి ఉండగా రోజెట్‌లో రెండు తీగల మధ్య డీసీ వోల్టేజి చూడండి. దాదాపు 48 వోల్టులు ఉండాలి. బాగా తక్కువ చూపిస్తే కరెంటు మధ్యలో ఎక్కడో కారిపోతోంది. తీగలు చేత్తో ముట్టుకోకండి. అదే సమయానికి ఎవరైనా ఫోన్ చేస్తే రింగు వోల్టేజి వచ్చి గట్టిగా కొడుతుంది.

ఇంట్లో రోజెట్ నుంచి మోడెం దాకా ఉన్న తీగ కూడా చూడండి. మా షాపులో ముందు పదిహేను మీటర్ల చప్పటి తీగ ట్యూబులైటు పక్కగా పోయేది. దాన్ని తీసి పొట్టి తీగ వేశాక వేగం పెరిగింది. చివర ఉండే ప్లాస్టిక్ జాక్‌లో లోహపు కాళ్లు నల్లబడి ఉంటే కొత్తది వేయండి. చాలా చవక.

తప్పు బయట తీగలో ఉందని తేలితే అప్పట్లో 198కి ఫోన్ చేసి కంప్లెయింట్ ఇవ్వాల్సి ఉండేది. చిన్నాయన ఇక్కడ నాకొక మంచి విషయం చెప్పాడు. 'ఇంటర్నెట్ రావడం లేదు' అని ఎప్పుడూ చెప్పకూడదు. అట్లా అంటే తప్పు కంప్యూటర్‌దే అనుకుంటారు, వచ్చినవాళ్లు డయల్ టోన్ ఉందని చూసి పోతారు. 'లైనులో నాయిస్ ఉంది, మాట సరిగా వినబడడం లేదు' అని చెప్పాలి. అది వాళ్ల పని, వాళ్ల భాష. ఇంకో చిక్కు ఏమిటంటే, రాత్రి వానలో గరగరలాడిన అతుకు మర్నాడు మధ్యాహ్నం ఎండకి ఆరిపోతుంది. లైన్‌మన్ వచ్చేసరికి శబ్దం ఉండదు. అందుకని ఏ రోజు, ఎన్ని గంటలకి, వానా ఎండా అన్నది రాసిపెట్టుకుని ఆయనకి చూపించండి. డ్రాప్ వైరు (స్తంభం నుంచి ఇంటికొచ్చే తీగ) అతుకు, స్తంభం మీద తీగలు పంచే డీపీ బాక్సులో మన జత, ఈ రెండూ విప్పి చూడమని అడగండి. మా వైపు నవంబరు, డిసెంబరు వానల్లో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండు చోట్లే దొరుకుతాయని ఆయన అనుభవం.

మేలో ఉరుములు మొదలైతే మోడెం నుంచి ఫోను తీగ, కరెంటు తీగ రెండూ పీకేయండి. కంప్యూటర్ ఆపితే సరిపోదు, పిడుగు దెబ్బ ఫోను తీగ మీదుగానే లోపలికొస్తుంది. నాకు రెండు మోడెంలు అలాగే పోయాయి.

మోడెం పలుకుతోందా

తీగ బాగుంటే ఇక కంప్యూటర్ వైపు రావచ్చు. ఇక్కడ అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది మీది అసలు మోడెమా, విండోస్ కోసం చేసిన సాఫ్ట్ మోడెమా అన్నది. కంప్యూటర్‌తో పాటు వచ్చే పీసీఐ కార్డు మోడెంలు ఎక్కువగా రెండో రకం. ఖర్చు తగ్గించడానికి వాటిలో లెక్కలు చేసే భాగం తీసేసి ఆ పని కంప్యూటర్ ప్రాసెసర్ మీద వేశారు. ఆ పని చేసే డ్రైవరు విండోస్‌కే ఇస్తారు. లినక్స్ దృష్టిలో అది ఉత్త కార్డు ముక్క.

ఎల్ఎస్‌పీసీఐ అని కొడితే కార్డు మీది చిప్ పేరు తెలుస్తుంది. లూసెంట్, కోనెక్సంట్, స్మార్ట్ లింక్ చిప్‌లకి లినక్స్ డ్రైవర్లు ఉన్నాయి. స్కాన్‌మోడెం (మోడెంలోని మొదటి ఎం పెద్దక్షరం) అని ఒక చిన్న స్క్రిప్టు దొరుకుతుంది. అది నడిపితే మీ కార్డుకి ఏ డ్రైవరు సరిపోతుందో రాసి చూపిస్తుంది. కాకపోతే ఈ డ్రైవర్లు కెర్నల్‌ను (లినక్స్ గుండెకాయ లాంటి భాగాన్ని) బట్టి కంపైల్ చేసుకోవాలి. కెర్నల్ అప్‌డేట్ చేసిన రోజున మోడెం మాయమైతే కంగారు పడకండి, కొత్త కెర్నల్‌కి డ్రైవరు మళ్లీ కంపైల్ చేయాలి, అంతే. మోడెం పోర్టు పేరు కూడా డ్రైవరును బట్టి మారుతుంది. స్మార్ట్ లింక్‌ది టీటీవైఎస్ఎల్ సున్నా. ఎస్, ఎల్ రెండూ పెద్దక్షరాలు.

నా అభిప్రాయం అడిగితే, ఈ బాధ పడేకన్నా సీరియల్ పోర్టుకి తగిలించే బయటి మోడెం ఒకటి కొనుక్కోండి. సెకండ్ హ్యాండ్ అయినా ఫరవాలేదు. దానికి డ్రైవరుతో పని లేదు, ఏ లినక్స్ అయినా పలకరిస్తుంది. పైగా ముందు దీపాలుంటాయి, ఏం జరుగుతోందో కంటితో చూడవచ్చు. లైను ఎత్తితే 'ఓహెచ్' దీపం, అవతలి మోడెం దొరికితే 'సీడీ' దీపం వెలుగుతాయి. యూఎస్‌బీ మోడెం కొనేటట్లయితే అడిగి కొనండి. వాటిలోనూ సాఫ్ట్ మోడెంలు ఉన్నాయి. ప్రామాణిక పద్ధతిలో నడిచేది అయితే లినక్స్‌లో టీటీవైఏసీఎం సున్నా అని కనబడుతుంది. చివరి మూడూ పెద్దక్షరాలు.

మోడెం పలుకుతోందో లేదో చూడడానికి మినీకామ్ వాడండి, అది మోడెంతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాము. రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజరుగా) మినీకామ్, ఖాళీ, అడ్డగీత (మైనస్ గుర్తు), ఎస్ అని కొట్టి సీరియల్ పోర్టు సెటప్‌లో పోర్టు పేరు ఇవ్వాలి. విండోస్‌లో కామ్ 1 అనేది ఇక్కడ టీటీవైఎస్ సున్నా, కామ్ 2 అనేది టీటీవైఎస్ ఒకటి. ఆ ఎస్ పెద్దక్షరం. చాలామంది చిన్నక్షరం కొట్టి అలాంటి పోర్టే లేదని చెప్పించుకుంటారు. వేగం 115200 పెట్టండి. బయటికొచ్చి ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కితే 'ఓకే' అని రావాలి. వచ్చిందా, మోడెం, కేబులు, పోర్టు మూడూ బాగున్నట్టే.

ఓకే రాకపోతే పక్క పోర్టు ప్రయత్నించండి. అక్కడా రాకపోతే సెట్‌సీరియల్ కమాండుతో ఆ పోర్టు వివరాలు అడగండి. యూఏఆర్‌టీ (పోర్టుని నడిపే చిప్) దగ్గర 16550ఏ అని ఉంటే మంచిది, దానిలో 16 బైట్ల బఫరు ఉంటుంది. 'అన్‌నోన్' అని ఉంటే లినక్స్‌కి అక్కడ పోర్టే కనబడలేదు. ఒకసారి బయోస్‌లోకి పోయి సీరియల్ పోర్టు ఎవరైనా ఆపేసి ఉన్నారేమో చూడండి.

'డివైస్ లాక్డ్' అని వస్తే కారణం వేరు. ఒక ప్రోగ్రాము మోడెం వాడుతున్నప్పుడు వేరే ప్రోగ్రాము చెయ్యి పెట్టకుండా వార్ డైరెక్టరీలోని లాక్ డైరెక్టరీలో ఎల్‌సీకే అనే పెద్దక్షరాలతో మొదలయ్యే ఫైలు ఒకటి పుడుతుంది. మధ్యలో కరెంటు పోతే అది చెరగకుండా మిగిలిపోవచ్చు. పీఎస్ కమాండుతో పీపీపీడీ (ఫోను లైను మీద నెట్ నడిపే ప్రోగ్రాము) గాని మినీకామ్ గాని నిజంగా నడవడం లేదని చూసుకున్నాకే దాన్ని చెరపండి. రూట్‌గా అయితే కలుస్తోంది, మామూలు యూజరుకి 'పర్మిషన్ డినైడ్' అంటోంది అంటే అప్పటి ఫెడోరాలో ఆ యూజరుని యూయూసీపీ గ్రూపులో చేర్చాలి. డెబియన్‌లో ఆ గ్రూపు పేరు డయలౌట్.

డయల్ చేసేటప్పుడు

డయల్ చేసే ప్రోగ్రాముల్లో నేను డబ్ల్యూవీడయల్ వాడతాను. కేపీపీపీలో బొమ్మలు, బటన్లు ఉంటాయి, వాడడం సులువే. కానీ తప్పు వెతికేటప్పుడు మోడెం అన్న ప్రతి మాటనీ ఉన్నదున్నట్టు తెర మీద చూపించేది డబ్ల్యూవీడయల్. డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ అనే కమాండు పోర్టులన్నీ వెతికి కాన్ఫిగరేషన్ ఫైలు తనే రాసిపెడుతుంది. ఆ ఫైలులో ఫోన్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అనే మూడు వరసల ముందు సెమీకోలన్ ఉంటుంది. అది ఉన్నంత వరకు ఆ వరస ఉన్నా లేనట్టే. సెమీకోలన్లు తీసేయండి, కోణపు బ్రాకెట్లు కూడా తీసేసి మీ వివరాలు రాయండి. అప్పట్లో 172తో మొదలయ్యే నెట్ నంబర్లకి ముందు ఎస్టీడీ కోడు ఏదీ అక్కర్లేకపోయేది.

రెండు టెర్మినల్ కిటికీలు తెరవండి. ఒకదాంట్లో డబ్ల్యూవీడయల్. రెండోదాంట్లో వార్, లాగ్, మెసేజెస్ ఫైలుని టెయిల్ కమాండుతో, అడ్డగీత ఎఫ్ చేర్చి, పారుతూ ఉండనివ్వండి. పీపీపీడీ చెప్పే అసలు కారణాలు అక్కడ పడతాయి.

మోడెం స్పీకరు ఆపకండి. ఇనిషియలైజేషన్ వరసలో (డయల్‌కి ముందు మోడెంకి పంపే ఆదేశాల్లో) ఎం సున్నా ఉంటే ఎం ఒకటి చేయండి. అన్నీ బాగున్నప్పుడు వినిపించే వరస ఇది: డయల్ టోన్, అంకెలు, ఒకటి రెండు రింగులు, కీచుమని అవతలి మోడెం, ఆ తర్వాత ఇసుక జల్లెడ పట్టినట్టు గరగర, ఆపైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే కలిసిందనడానికి గుర్తు. నాలుగు రోజులు వింటే చెవికి పట్టుబడుతుంది. ఎక్కడ తప్పిందో తెర చూడకుండానే చెప్పగలరు.

'నో డయల్‌టోన్' అని వస్తే, ఫోనులో టోన్ మామూలుగా వినబడుతుంటే, మోడెం మన ఎక్స్ఛేంజి టోన్‌ని గుర్తుపట్టడం లేదన్నమాట. ఇనిషియలైజేషన్ వరస చివర ఎక్స్ 3 చేర్చండి. టోన్ కోసం చూడకుండా డయల్ చేయమని దానర్థం. ఎంగేజ్ టోన్ మాత్రం గుర్తుపడుతుంది. లాడ్జీలు, ఆఫీసుల్లో ఇంటర్‌కామ్ ద్వారా లైను తీసుకునే చోట కూడా ఇదే మందు. అక్కడ బయటి లైను కోసం ముందు సున్నానో తొమ్మిదో నొక్కాలి కదా, ఆ అంకె రాసి ఒక కామా పెట్టి నంబరు రాయండి. కామా అంటే రెండు సెకన్లు ఆగు అని. కావాలంటే రెండు కామాలు పెట్టండి. డయల్ చేసేటప్పుడు టకటకమని పాతకాలం ఫోను చక్రం తిప్పినట్టు వినిపిస్తే అది పల్స్ డయలింగు. డయల్ కమాండులో ఏటీడీపీ బదులు ఏటీడీటీ అని ఉండాలి.

'బిజీ' అంటే అవతల లైన్లు నిండాయి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఓపిక పట్టాల్సిందే. నేను పెద్ద ఫైళ్లు తెల్లవారుజామున పంపుతాను.

'నో క్యారియర్' దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. అవతలి మోడెం ఎత్తింది, కీచుమంది, కానీ ఇద్దరికీ వేగం కుదరలేదు. పదింటికి తొమ్మిదిసార్లు దీనికి తీగే కారణం, పైన చెప్పినవన్నీ మళ్లీ చూడండి. తీగ బాగయ్యేదాకా ఆగలేకపోతే మోడెంని తక్కువ వేగానికి కట్టేయవచ్చు. 56కే పద్ధతి వదిలేసి 33,600కి లోబడే వీ 34 పద్ధతిలోనే మాట్లాడమంటే గరగర ఉన్న లైను మీద కూడా నిలబడుతుంది. ఆ కమాండు ఒక్కో చిప్‌కి ఒక్కోలా ఉంటుంది, మోడెంతో వచ్చిన పుస్తకంలో చూడండి. అవతలి మోడెం కోసం ఎంతసేపు ఆగాలో ఎస్ 7 అనే రిజిస్టరు (మోడెంలోని ఒక సెట్టింగు) చెప్తుంది. దాన్ని 90 సెకన్లు చేయడం కూడా కొన్నిసార్లు పనికొస్తుంది.

56కే మోడెం కొన్నా 56 ఎందుకు రాదని అందరూ అడుగుతారు. ఎక్స్ఛేంజి నుంచి అవతలి మోడెం దాకా దారి మొత్తం డిజిటల్‌గా ఉండి, మన ఇంటి తీగ ఒక్కటే అనలాగ్ అయితేనే ఆ పద్ధతి పనిచేస్తుంది. మధ్యలో ఇంటర్‌కామ్ డబ్బా వచ్చి ఇంకోసారి అనలాగ్‌గా మారిస్తే 33,600 దాటదు. ఇంకో సంగతి, 'కనెక్ట్ 115200' అని కనబడితే అది మోడెంకి కంప్యూటర్‌కి మధ్య వేగం. తీగ మీది అసలు వేగం చూడాలంటే చాలా మోడెంలలో ఇనిషియలైజేషన్ వరసకి డబ్ల్యూ 2 చేర్చాలి.

కనెక్ట్ అని వచ్చాక పడిపోతే

ఇక్కడి నుంచి తీగ సంగతి పక్కన పెట్టి లినక్స్‌ని చూడవచ్చు. డబ్ల్యూవీడయల్ 'పీపీపీ డెమన్ హ్యాజ్ డైడ్' అని చెప్పి ఒక ఎగ్జిట్ కోడు ఇస్తుంది. ఆ అంకెని కాగితం మీద రాసుకోండి, చాలా విలువైనది.

19 వస్తే మన పేరు, పాస్‌వర్డు అవతల చెల్లలేదు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, చివర తెలియకుండా పడిన ఖాళీ చూడండి. అన్నీ సరిగా ఉన్నా చెల్లకపోతే ఖాతాలో గంటలు అయిపోయి ఉండవచ్చు. నాకు ఒకసారి అట్లాగే అయింది. గంటలు అయిపోయాయని ఎక్కడా చెప్పలేదు, పాస్‌వర్డు తప్పన్నట్టే తిప్పికొట్టింది. నేను రెండు రోజులు పాస్‌వర్డు మారుస్తూ కూర్చున్నాను.

లాగ్‌లో 'పీర్ రిఫ్యూజ్డ్ టు ఆథెంటికేట్' అని ఉంటే కథ తిరగబడింది. మన కంప్యూటరే అవతలి వాళ్లని గుర్తింపు చూపించమని అడుగుతోంది, వాళ్లు చూపించరు. ఈటీసీలోని పీపీపీ డైరెక్టరీలో ఆప్షన్స్ అనే ఫైలు తెరిచి ఆథ్ అనే మాట తీసేసి నోఆథ్ అని రాయండి.

17 వచ్చినా, లాగ్‌లో 'ఎల్‌సీపీ టైమౌట్' అని పడినా, అవతలి సర్వరు ఇంకా లాగిన్ అడుగుతూ కూర్చుని ఉంటుంది, మనం ముందే పీపీపీ భాష మొదలుపెట్టి ఉంటాం. లేదా మనం దాని ప్రశ్న కోసం ఎదురు చూస్తూ ఉంటే అది ఎప్పుడో పీపీపీ మొదలుపెట్టి ఉంటుంది. డబ్ల్యూవీడయల్‌లో స్టుపిడ్ మోడ్ అనే వరస ఒకటుంది. దాన్ని యెస్ (అవును) అని పెడితే ప్రశ్నలు చదవకుండా కలిసిన వెంటనే పీపీపీ మొదలవుతుంది. మా కనెక్షనుకి అది తప్పనిసరి. మీది దానితో చెడిపోతే నో చేసి చూడండి.

16 అంటే మోడెం ఫోను పెట్టేసింది. నడుస్తూ నడుస్తూ తెగితే ఎక్కువగా ఇదే వస్తుంది. ముందు అడగాల్సింది ఇంట్లో వాళ్లని, పారలల్ ఫోను ఎవరైనా ఎత్తారా అని. తర్వాత కాల్ వెయిటింగు. బయటి నుంచి వేరే కాల్ వచ్చినప్పుడు ఆ బీప్ మోడెం మాటని తుంచుతుంది. కాల్ వెయిటింగ్ తీయించేయండి. తీయించలేకపోతే ఎస్ 10 రిజిస్టరుని 50 చేయండి. అది సెకనులో పదో వంతుల లెక్క, అంటే ఐదు సెకన్లు క్యారియర్ పోయినా మోడెం ఓర్చుకుంటుంది. 15 వస్తే లైను ఉంది గాని అవతలి నుంచి జవాబు ఆగిపోయింది, ఇంకోసారి డయల్ చేయడం తప్ప మన చేతిలో ఏమీ లేదు. 12 అయితే తప్పేమీ లేదు, చాలాసేపు ఏ పనీ జరగలేదని తనే కట్టేసింది.

కలిసింది, కానీ పేజీ రాదు

మా షాపులో నన్ను ఎక్కువ రోజులు ఏడిపించింది ఇదే. ఐఎఫ్‌కాన్ఫిగ్ అని కొడితే పీపీపీ సున్నా అనే పేరు కింద మన అడ్రసు, అవతలి అడ్రసు కనబడతాయి. ముందు అవతలి అడ్రసుకి పింగ్ (పలుకుతోందా అని అడిగే కమాండు) చేయండి. జవాబు వస్తే ఆ తర్వాత బయట ఏదైనా తెలిసిన సర్వరుకి అంకెల అడ్రసుతో, ఆ పైన ఒక సైటుకి పేరుతో.

అవతలి అడ్రసు పలికి బయటి అంకెల అడ్రసు పలకకపోతే దారి తప్పు. రూట్ (ఇది దారి అనే అర్థం వచ్చే రూట్, ఆర్ఓయూటీఈ), ఖాళీ, అడ్డగీత, ఎన్ అని కొట్టండి. సున్నాలతో ఉన్న వరస చివర పీపీపీ సున్నా ఉండాలి. నాకు అక్కడ ఈటీహెచ్ సున్నా ఉండేది. రెండు కంప్యూటర్లని కలపడానికి నెట్‌వర్క్ కార్డు పెట్టినప్పుడు గేట్‌వే అని ఒక అడ్రసు రాశాను. పీపీపీడీకి ఒక మర్యాద ఉంది, ముందే ఉన్న దారిని తీసేయదు. 'నాట్ రీప్లేసింగ్ ఎగ్జిస్టింగ్ డిఫాల్ట్ రూట్' అని లాగ్‌లో ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. ఈటీసీ, సిస్‌కాన్ఫిగ్, నెట్‌వర్క్ ఫైలులో గేట్‌వే వరస తీసేశాను, కార్డు సెట్టింగుల్లో ఉన్నదీ తీసేశాను. మళ్లీ ఆ బాధ రాలేదు.

అంకెలతో పలికి పేరుతో పలకకపోతే తప్పు డీఎన్ఎస్‌లో, అంటే సైటు పేరుని అంకెలుగా మార్చే చోట. ఈటీసీలో రిసాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు చూడండి. ఖాళీగా ఉంటే గాని, వేరే నెట్‌వర్కు అడ్రసులు ఉంటే గాని పేర్లు తెలియవు. డబ్ల్యూవీడయల్‌లో ఆటో డీఎన్ఎస్ అనే వరస యెస్ అని ఉంటే కలిసిన ప్రతిసారీ సర్వరు ఇచ్చిన అడ్రసులు తనే తెచ్చుకుంటుంది. అదీ కుదరకపోతే నేమ్‌సర్వర్ అని రాసి, పక్కన మీ కనెక్షను కాగితం మీదున్న అడ్రసు చేత్తో రాయండి. పింగ్ అంతా బాగుండి బ్రౌజరు మాత్రమే మొండికేస్తే ఫైల్ మెనూలో 'వర్క్ ఆఫ్‌లైన్' టిక్కు పెట్టి ఉందేమో చూడండి.

పెద్ద ఫైలు దించుకునేటప్పుడు బ్రౌజరు మీద ఆధారపడకండి. డబ్ల్యూగెట్ కమాండుకి అడ్డగీత సీ చేరిస్తే, తెగిన చోటు నుంచే మళ్లీ అందుకుంటుంది.

మోడెం పక్కన నేనొక పాత బిల్లు పుస్తకం పెట్టుకున్నాను. రోజూ తేదీ, వానా ఎండా, కనెక్ట్ పక్కన వచ్చిన అంకె, తెగితే ఎగ్జిట్ కోడు. ముసురు రోజుల్లో 26,400 ఉన్నది అతుకు మార్చాక 45,333 అయింది. మొన్న ఒక వారం 31,200కి దిగింది. లినక్స్ వైపు చూడకుండా ఫోను తీసి ఒక అంకె నొక్కి విన్నాను, సన్నగా చిటపట. డీపీ బాక్సు మూత ఊడి ఉంది. 198కి ఫోన్ చేసి లైనులో నాయిస్ అని చెప్పాను. రెండో రోజు వచ్చి బిగించి పోయారు.

పని అయ్యాక డబ్ల్యూవీడయల్ కిటికీలో కంట్రోల్, సీ కలిపి నొక్కి ఆపండి. కిటికీ మూసేసి వదిలేస్తే మోడెం లైను పట్టుకునే ఉండవచ్చు, అంతసేపూ ఫోను మీటరు తిరుగుతుంది. ఓహెచ్ దీపం ఆరిందో లేదో చూసి, రిసీవరు ఎత్తి డయల్ టోన్ విన్నాకే నేను షాపుకి తాళం వేస్తాను.